ఎలుక మెదడు కణాలు, మైక్రోవేవ్ తరంగాలు: సియాటిల్ ప్రయోగంలో అసలేం జరిగింది?

నమస్తే అండీ. "సెల్‌ఫోన్ రేడియేషన్ మెదడు కణాల్ని పాడుచేస్తుంది, ఎలుకల మీద రుజువైంది" అనే మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపుకీ వచ్చే ఉంటుంది. ఈ మాట వెనక నిజంగానే ఒక ప్రయోగం ఉంది.

1995లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ లై, నరేంద్ర సింగ్ ఎలుకల్ని రెండు గంటలపాటు 2450 మెగాహెర్ట్జ్ తరంగాల్లో ఉంచారు. మైక్రోవేవ్ ఓవెన్ ఫ్రీక్వెన్సీ కూడా ఇదే, కాకపోతే ఇక్కడ మోతాదు బాగా తక్కువ. తర్వాత మెదడు కణాలు తీసి జెల్‌లో పెట్టి కరెంటు పంపారు. డీఎన్ఏ తెగితే ఆ ముక్కలు బయటికి జారి, కణం తోకచుక్కలా కనిపిస్తుంది. అందుకే దీన్ని కామెట్ పరీక్ష అంటారు. తరంగాలు తగిలిన ఎలుకల్లో డీఎన్ఏ తెగిన చోట్లు ఎక్కువ కనిపించాయి. ఈ పరీక్షను 1988లో మెరుగుపరిచిన బృందంలో సింగ్ ముఖ్యుడు, కాబట్టి చేతకాక వచ్చిన ఫలితమని తీసిపారేయలేం.

కానీ ఈ తరంగాల ఫోటాన్‌కి, అంటే వాటి శక్తి పొట్లానికి, రసాయన బంధాన్ని తెంచే శక్తి లేదు. అందుకు లక్ష రెట్లకు పైగా శక్తి కావాలి. మరి తెగిందెలా? ఫ్రీ రాడికల్స్ (కణంలో పుట్టి దేనితోనైనా చటుక్కున చర్య జరిపే అణువులు) వల్లేమోనని లై, సింగ్ అనుకున్నారు. 1997లో వాటిని అణిచే మెలటోనిన్ అనే హార్మోన్ ఇచ్చి చూస్తే ఆ నష్టం కనిపించలేదు.

1998లో సెయింట్ లూయిస్‌లో మరో బృందం అదే ఫ్రీక్వెన్సీ, అవే రెండు గంటలు పెట్టి చూసింది. తేడా ఏమీ రాలేదు. వాళ్లకు డబ్బిచ్చింది సెల్‌ఫోన్ కంపెనీ మోటరోలా, అనుమానించడం న్యాయమే. అయినా వాళ్లు గమనించిన ఒక సంగతిని నేను పక్కన పెట్టలేను. కార్బన్ డయాక్సైడ్‌తో చంపిన ఎలుకల మెదడు కణాల్లో, తరంగాలు తగిలినా తగలకపోయినా, డీఎన్ఏ నష్టం ఎక్కువగా ఉంది. ఒక్కో ప్రయోగానికి ఒక్కోలా మారింది కూడా. ఎలుక ఎలా చనిపోయిందన్నదే కొలతను మార్చేస్తుంటే, తరంగాల ప్రభావాన్ని విడదీసి చూడటం ఎంత కష్టమో ఆలోచించండి.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌టీపీ (నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్) 2018లో ఇచ్చిన నివేదిక సంగతీ చెప్పాలి. ఎలుకలకు రోజుకు 9 గంటలు, రెండేళ్లు, ఒళ్లంతా తగిలేలా తరంగాలు. మగ ఎలుకల గుండెలో కణితులకు స్పష్టమైన ఆధారం ఉందన్నారు, మెదడు కణితులకు కొంత ఆధారమే ఉందన్నారు. అదే ప్రయోగంలో తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలనివాటికంటే ఎక్కువ కాలం బతికాయి. ఆ మెసేజుల్లో ఈ చివరి మాట మాత్రం ఎక్కడా ఉండదు.