భుజంలో వేసిన యాంకర్ ఒంటికి పడుతుందా? మీ ఫైల్లో స్టిక్కర్ చదవడం ఎలా

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. భుజం ఆపరేషన్ అయి మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది మొదటి రోజే అడిగే మాట ఇది. "లోపల ఏందో పెట్టినారంట గదమ్మా, అది ఒంటికి పడుద్దా?" దీనికి సగం జవాబు మీ ఫైల్లోనే ఉంటుంది. ఎక్కడుంటుందో చూపిస్తాను. ఫైల్ పక్కన పెట్టుకోండి. సీడీ ఇచ్చి ఉంటే అదీ తీసుకోండి.

ముందు ఈ బొమ్మ చూడండి. గుండ్రంగా ఉన్నది చేయి ఎముక తల. దీన్ని పట్టుకొని నాలుగు కండరాలు, వాటి చివర్లే ఈ తెల్లటి పట్టీలు. రొటేటర్ కఫ్ అంటారు. మనవైపు "నరం తెగింది" అంటాం కానీ ఇది నరం కాదు, టెండన్, అంటే కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే పట్టీ. ఇదిగో, ఇక్కడ ఊడిపోయింది. ఎముకలో చిన్న రంధ్రం చేశారు, అందులో మేకు లాంటి యాంకర్ దింపారు, దాని దారాలతో టెండన్‌ని మళ్ళీ ఎముకకు కట్టారు. ఎద్దుని గుంజకి కట్టినట్టే. గుంజ యాంకర్, పలుపు దారం. సరే, ముందుకు వెళ్దాం.

డిశ్చార్జ్ కాగితాల్లో గానీ ఆపరేషన్ నోట్స్ పేజీలో గానీ ఇలాంటి చిన్న స్టిక్కర్ అంటించి ఉంటుంది. ఒక్కో యాంకర్‌కి ఒక్కోటి. లేకపోతే ఆసుపత్రిలో అడగండి, మీ కేస్ షీట్‌లో ఉంటుంది, జిరాక్స్ ఇమ్మని అడగండి. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు, స్టిక్కర్ మెరిసిపోయి అక్షరాలు కనపడవు. నేనైతే కిటికీ పక్కన పెట్టి, ఫోన్ కాస్త వంచి తీస్తాను. స్కాన్ చేసే యాప్‌లు కూడా ఉన్నాయి కానీ వాటిలో రంగు పోతుంది. మనకి రంగు కావాలి, ఎందుకో చివర్లో చెప్తాను.

ఇది లాట్ నంబర్, ఏ బ్యాచ్‌లో తయారైందో చెప్పేది. ఇది ఇసుక గడియారం గుర్తు, ఎప్పటిలోపు వాడాలో ఆ తేదీ. రెండు అంకె మీద గీత కొట్టి ఉంటే ఒక్కసారే వాడాలని. ఇవి తేలికే. మనకి కావలసింది ఈ లైను, మెటీరియల్ పేరు. స్టిక్కర్ మీద చోటు లేక వేయకపోతే, ఈ రెఫ్ అని ఉన్న నంబర్ కొట్టి వెతికితే దొరుకుతుంది.

ఇక్కడ టీఐ అని ఉంటే టైటానియం. టీఐ, సిక్స్ ఏఎల్, ఫోర్ వీ అని ఉంటే అందులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన మిశ్రమం. పీఈఈకే అని నాలుగు అక్షరాలుంటే పీక్ అని చదవాలి. గట్టి ప్లాస్టిక్ అనుకోండి. పీఎల్ఎల్ఏ అంటే లాక్టిక్ ఆమ్లంతో చేసింది, లోపలే కరుగుతుంది. దాని పక్కన బీటా టీసీపీ అని ఉంటే కాల్షియం ఫాస్ఫేట్ కలిపారని. ఇవేవీ లేకుండా యాంకర్ కూడా దారంతోనే చేసినవి ఉంటాయి, ఆల్ సూచర్ అంటారు.

ఇప్పుడు ఒంటికి పడటం అంటే ఏమిటి? ముల్లు గుచ్చుకొని లోపలే ఉండిపోతే ఏమవుతుంది? ఎర్రగా వాస్తుంది, చీము పట్టి బయటికి తోస్తుంది, లేదా చుట్టూ ఒక పొర కట్టి పక్కన పెట్టేస్తుంది. యాంకర్ వేసినా ఒళ్ళు ఏదో ఒకటి చేస్తుంది, ఊరికే ఉండదు. ఒంట్లో పెట్టే పదార్థాల మీద పనిచేసిన శాస్త్రవేత్త డేవిడ్ విలియమ్స్ 1987లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ అందరూ వాడతారు. ఒక పదార్థం ఒక పని కోసం పెట్టినప్పుడు, ఒళ్ళు ఆ పనికి తగిన విధంగా స్పందిస్తే అది పడినట్టు. ఏ పని కోసం అన్నది అందులోనే ఉంది. అందుకే "మంచి యాంకర్ ఏది మేడమ్" అని అడిగితే ఒక్క పేరు చెప్పలేను.

టైటానియం మీద గాలి తగలగానే సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర వల్లే ఎముక దాన్ని అంత బాగా పట్టుకుంటుంది. కానీ వదులై బయటికి వస్తే కీలులోని మృదులాస్థిని గీకేస్తుంది, ఎంఆర్ఐలో ఆ చోటంతా నల్లగా చెరిగిపోతుంది. పీక్ ఎవరి జోలికీ పోదు, ఎముక కూడా దాన్ని అంటుకోదు. కరిగేవాటి కథ వేరు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ కింద సెంట్రింగ్ పెడతాం కదా. స్లాబ్ గట్టిపడకముందే సెంట్రింగ్ తీస్తే కూలుతుంది. టెండన్ ఎముకకి అతుక్కోవడానికి సుమారు 12 వారాలు కావాలి. మొదట్లో పీజీఏ అనే పదార్థంతో చేశారు, అది కొన్ని వారాల్లోనే బలం పోగొట్టుకునేది, కరిగేటప్పుడు ఆమ్లం వదిలి చుట్టూ నీరు చేర్చేది. పీఎల్ఎల్ఏ చాలా నెమ్మది, పూర్తిగా పోవడానికి ఏళ్ళు పడుతుంది. కాల్షియం కలిపింది అందుకే, ఆ ఆమ్లాన్ని కొంత తగ్గిస్తుంది, ఎముక పెరగడానికి ఆసరా ఇస్తుంది.

దారం సంగతి ఎవరూ అడగరు, నాకు అదే బాధ. ఇప్పటి దారాల్లో ఎక్కువ భాగం పాలిథిలీన్, చాలా గట్టివి. ముడి పెద్దదై పైనున్న ఎముకకి రాసుకుంటే అక్కడా నొప్పి వస్తుంది. చేయి ఎత్తినప్పుడు ఒకే చోట గుచ్చినట్టుంటే మీ డాక్టరుకి ఆ మాట కూడా చెప్పండి.

ఇప్పుడు ఎక్స్‌రే. ఇక్కడ కాస్త ఆగుదాం. మా మామయ్యది పొదలకూరు దగ్గర నిమ్మతోట. నిచ్చెన మీంచి పడి ఆయన టెండన్ ఊడిపోయింది, ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక ఎక్స్‌రే ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకొని, "ఏందమ్మా, రెండు స్క్రూలు ఏసినామన్నారే, ఏవీ?" అన్నారు. నేనూ చూశాను. ఒక్కటీ కనపడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వెయ్యకుండానే వేశామన్నారేమో, ఎక్కడికైనా జారిపోయాయేమో అని టెన్షన్. ఆపరేషన్ చేసినవాళ్ళ మీద అనుమానం కూడా పెట్టుకున్నాను, అది తప్పు.

మీరు అలా భయపడకూడదని నిదానంగా చూపిస్తున్నాను. ఇది టైటానియం వేసిన ఎక్స్‌రే, తెల్లగా మరలాగా కనపడుతోంది కదా. ఇది మామయ్యది. ఏమీ లేదు. పీక్, పీఎల్ఎల్ఏ, దారం, వీటి గుండా ఎక్స్‌రే వెళ్ళిపోతుంది. అందుకే వెతకాల్సింది తెలుపు కాదు, నలుపు. సీడీలో వచ్చిన బొమ్మని మైక్రోడైకామ్‌లో, అంటే ఇలాంటి స్కాన్ బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్‌లో, తెరిచాను. వెలుతురు తగ్గిస్తున్నాను, ఇంకొంచెం. చూశారా, ఎముక అంచు నుంచి లోపలికి సన్నటి గొట్టం లాంటి నీడ? అదే రంధ్రం. మళ్ళీ చూపిస్తాను. ఇదొకటి, ఇదిగో రెండోది. యాంకర్లు అందులోనే ఉన్నాయి. స్టిక్కర్ మీద పీఈఈకే అని ఉంది, ఆ రోజు ముందు అది చదివి ఉంటే సరిపోయేది.

ఎంఆర్ఐలో యాంకర్ చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తే అది నీరు. కరిగే వాటి చుట్టూ తరచూ ఉంటుంది, అంతమాత్రాన చీము అని కాదు. అలాగని ఇంట్లో కూర్చొని "ఏం కాదులే" అనుకోకండి. భుజం చర్మంలో ఉండే క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, జ్వరం లేకుండానే ఉండొచ్చు. అందుకే ల్యాబులో ఆ కల్చర్‌ని, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే నమూనాని, 14 రోజుల దాకా ఉంచుతారు. తగ్గిన నొప్పి మళ్ళీ పెరుగుతున్నా, కుట్ల దగ్గర తడి కనపడినా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్ళండి. మాలిష్ చేయించొద్దు.

ఇక రంగు. స్టిక్కర్ మీద ఎంఆర్ అని రాసి ఉన్న ఈ గుర్తు చూడండి. ఆకుపచ్చ చతురస్రమైతే ఏ ఎంఆర్ఐ గదిలోకైనా వెళ్ళొచ్చు. పసుపు త్రికోణమైతే షరతులున్నాయి, ఎన్ని టెస్లాల యంత్రం, అంటే దాని అయస్కాంతం ఎంత బలమైనది అన్నది స్కాన్ చేసేవాళ్ళు చూసుకోవాలి. ఎర్ర వలయంలో అడ్డగీత ఉంటే లోపలికి వెళ్ళకూడదు. నడుము నొప్పికి స్కాన్ తీసినా సరే, ముందు ఈ ఫొటో చూపించండి.

మామయ్య ఫొటో నా ఫోన్‌లో "కుడి భుజం, పీక్, రెండు" అన్న పేరుతో ఉంది. మీదీ అలాగే పేరు పెట్టి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. మెటీరియల్ పేరు అర్థం కాకపోతే ఆ ఒక్క పేరే కింద రాయండి, చూసి చెప్తాను. పేషంట్ పేరు, ఫైల్ నంబర్ మాత్రం పెట్టకండి.