జబ్బు భత్యం తీసుకుంటూ కొద్దిపాటి కళాపని: బ్రిటన్‌లో ఏది కుదురుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది

అందరికీ నమస్కారం.

ఆరోగ్యం సహకరించక ఉద్యోగం మానేసి, బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే భత్యం మీద ఉన్నవాళ్లలో బొమ్మలు వేసేవాళ్లున్నారు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లున్నారు, వారానికి రెండు గంటలు ఆన్‌లైన్‌లో కూచిపూడి నేర్పేవాళ్లున్నారు. ఒక్క పౌండు వచ్చినా భత్యం ఆపేస్తారన్న భయంతో కొందరు పనే వదులుకుంటారు. కొందరు చెప్పకుండా చేస్తారు. రెండూ నష్టమే. చట్టం ఈ పనిని ఒప్పుకుంటుంది. కాకపోతే మీది ఏ భత్యమన్నదాన్ని బట్టి లెక్క మొత్తం మారిపోతుంది. నేను చెప్పే అంకెలు 2025-26 సంవత్సరానివి. ఏటా ఏప్రిల్‌లో మారుతుంటాయి కాబట్టి తాజావి చూసుకోండి.

ముందు న్యూ స్టైల్ ఈఎస్ఏ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్లకు ఇచ్చే భత్యం) సంగతి. నేషనల్ ఇన్సూరెన్స్, అంటే సంపాదన నుంచి ప్రభుత్వానికి కట్టే బీమా చందా, కట్టినవాళ్లకు వచ్చేది ఇది. ఇందులో చేసుకోదగ్గ పనిని పర్మిటెడ్ వర్క్ అంటారు. వారానికి 16 గంటల లోపు ఉండాలి, వారం ఆదాయం 195.50 పౌండ్లు దాటకూడదు. ఈ హద్దులో ఉన్నంతకాలం భత్యంలో పెన్నీ కూడా తగ్గదు. దాటితే మాత్రం దాటిన మేరకు కోసి ఊరుకోరు, ఆ వారానికి అర్హతే పోతుంది. 52 వారాలే చేయాలన్న పాత గడువు 2017 ఏప్రిల్‌లో పోయింది. పీడబ్ల్యూ1 అనే ఫారం నింపి పంపాలి. పంపేముందు నకలు దగ్గర పెట్టుకోండి.

గంటల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. కుంచె పట్టుకున్న సమయమే పని అనుకుంటారు. స్వయం ఉపాధిలో పద్దులు రాయడం, సామాను కొనడానికి వెళ్లడం, ప్రచారం చేసుకోవడం, కొనేవాళ్లతో మాట్లాడడం కూడా పని గంటలే. బొమ్మకు తొమ్మిది గంటలు పట్టి, ప్యాకింగుకూ పోస్టాఫీసుకూ ఈమెయిళ్లకూ ఇంకో ఎనిమిది పడితే హద్దు దాటినట్టే. పని ఒక వారం ఎక్కువగా, ఒక వారం తక్కువగా ఉంటే సగటు చూస్తారు. అందుకే రోజువారీగా తేదీ, గంటలు, చేసిన పని ఒక వరుసలో రాసి పెట్టుకోండి. ఆదాయాన్ని కూడా మామూలుగా ఏడాది మీద, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదలైన నాటి నుంచి సగటు తీస్తారు. రాయల్టీలకు మాత్రం వేరే సూత్రం ఉంది. పుస్తకం మీద అలాంటి డబ్బు వచ్చేవాళ్లు దాన్ని మామూలు అమ్మకాలతో కలిపేయకుండా విడిగా చూపించాలి.

ఇక యూనివర్సల్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు నెలనెలా ఇచ్చే భత్యం. ఇందులో 16 గంటల హద్దు లేనే లేదు. పాత ఆదాయ ఆధారిత ఈఎస్ఏ నుంచి ఇందులోకి మార్చినవాళ్లు ఇప్పటికీ గంటలు లెక్కపెట్టుకుంటూ పని తగ్గించుకుంటున్నారు. అది అనవసరమైన కష్టం. ఇక్కడ చూసేది నెలలో చేతికి వచ్చిన నికర డబ్బు. ప్రభుత్వం పెట్టే ఆరోగ్య పరీక్షలో పని సామర్థ్యం పరిమితమని తేల్చినవాళ్లకు వర్క్ అలవెన్స్ ఉంటుంది: అద్దె సాయం కూడా అందుతుంటే నెలకు 411 పౌండ్లు, లేకపోతే 684. అంతవరకూ కోత లేదు. ఆపైన ప్రతి పౌండుకూ 55 పెన్నీలు తగ్గుతాయి. ఒక నెల ప్రింట్లు అమ్మితే 700 వచ్చాయనుకోండి. రంగులు, ఫ్రేములు 90, పోస్టేజీ 35, అమ్మకపు వేదిక రుసుం 25 పోతే మిగిలేది 550. అందులో 411 తీసేస్తే 139. దాని మీద కోత 76.45 పౌండ్లు. అంటే 473.55 మీకే మిగిలింది. స్వయం ఉపాధివాళ్లకు లేని ఆదాయాన్ని ఉన్నట్టు ఊహించి లెక్కగట్టే మినిమమ్ ఇన్‌కమ్ ఫ్లోర్ కూడా, పని సామర్థ్యం పరిమితమని తేలినవాళ్లకు వర్తించదు.

ఆ పరీక్ష ఇంకా జరగనివాళ్లు మాత్రం జాగ్రత్త. నెలకు సుమారు 846 పౌండ్లు, అంతకు మించి వస్తూ, పిప్ (వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చులకు ఇచ్చే భత్యం) లాంటిది లేకపోతే, పరీక్ష పెట్టకుండానే మీకు పని చేసే సామర్థ్యం ఉందని తేల్చేయవచ్చు.

ఇక పెద్ద కమిషన్ల విషయం. 3,000 పౌండ్ల పని డబ్బు ఒకే అసెస్‌మెంట్ పీరియడ్‌లో (యూనివర్సల్ క్రెడిట్ లెక్కగట్టే నెలలో) చేతికొస్తే, 411 పోను మిగతాదానిపై కోత 1,423.95. మీ భత్యం 1,300 అయితే ఆ నెల సున్నా. నెలకు వెయ్యి చొప్పున మూడు నెలల్లో వస్తే మొత్తం కోత 971.85. ఇంగ్లండులో ఇంకో దెబ్బ కూడా ఉంది. పని సామర్థ్యం పరిమితమన్నవాళ్లకు నెల నికర ఆదాయం 935 దాటితే ఉచిత మందుల హక్కు ఆ నెలకు పోతుంది. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే స్కెచ్‌కు ఇంత, రంగులకు ఇంత, అప్పగింతకు ఇంత అని దశలవారీ చెల్లింపు రాసుకోండి. పెద్ద పనికి దశలు పెట్టడం సహజమే. కానీ పని పూర్తయి, డబ్బు రావలసిన తేదీ వచ్చాక "వచ్చే నెల ఇవ్వండి" అని ఆపించడం వేరు. భత్యం కోసమే ఆపించారని తేలితే, రాని డబ్బును కూడా వచ్చినట్టే లెక్కిస్తారు. తెలుగు సంఘంవాళ్లు అడిగారని ఉగాది పోస్టరు ఊరికే వేసివ్వడంలో తప్పు లేదు, అది నిజంగా స్వచ్ఛంద సంస్థ అయితే. డబ్బున్న వ్యాపారికి ఊరికే చేసిపెడితే అక్కడా ఇదే ఊహాదాయం చిక్కు రావచ్చు.

ఖర్చుల్లోనూ రెండింటికీ పొంతన లేదు. బొమ్మలకని 900 పౌండ్ల ట్యాబ్లెట్ కొంటే యూనివర్సల్ క్రెడిట్‌లో పని వాడకం మేరకు తీసేసుకోవచ్చు. ఈఎస్ఏలో కొత్తగా పెట్టే పెట్టుబడి ఖర్చుకు మినహాయింపు లేదు, ఉన్నది పాడైతే మార్చుకోవడానికి ఉంది. ఇంట్లో పని చేసినందుకు యూనివర్సల్ క్రెడిట్‌లో నెలకు 25 నుంచి 50 గంటలైతే 10 పౌండ్లు, 51 నుంచి 100 అయితే 18, ఆపైన 26. పన్ను విషయంలో వెయ్యి పౌండ్ల ట్రేడింగ్ అలవెన్స్ (చిన్న వ్యాపార ఆదాయంలో అంతవరకూ పన్ను మినహాయింపు) ఉందని ఇక్కడ కూడా తీసేయకండి. భత్యం లెక్కలో అది చెల్లదు.

యూనివర్సల్ క్రెడిట్‌లో ప్రతి నెలా వచ్చిందీ పోయిందీ చెప్పడానికి అసెస్‌మెంట్ పీరియడ్ ముగిసే 7 రోజుల ముందు నుంచి ముగిశాక 14 రోజుల వరకు సమయం ఉంటుంది. ఏమీ రాకపోయినా సున్నా అని చెప్పాలి. లేకపోతే చెల్లింపు ఆగుతుంది. జర్నల్‌లో (మీ ఆన్‌లైన్ ఖాతాలో అధికారులకు సందేశాలు రాసే చోట) రాసిన ప్రతిదీ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఆరోగ్య పరీక్ష ఫారంలో మీ పని కనిపించకుండా దాచవద్దు, వివరించండి. పెన్నుతో గుర్తు పెట్టగలరా, కీబోర్డు వాడగలరా అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో మీ బొమ్మలు కనిపిస్తుంటే "చెయ్యలేను" అన్న మాట నిలవదు, అది నిజం కూడా కాదు. "ఇరవై నిమిషాలు గీస్తే వేళ్లు బిగుసుకుంటాయి, మర్నాడు చొక్కా గుండీలు పెట్టుకోలేను, ఒక బొమ్మ మూడు వారాలు పడుతుంది" అన్నది నిజమైతే అదే రాయండి. మళ్లీ మళ్లీ చేయగలరా, సమయానికి చేయగలరా అన్నది పిప్‌లోనూ చూస్తారు. పిప్‌కు ఆదాయ పరిమితి లేదు, పని చేస్తూ కూడా తీసుకోవచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లకు వేరే లెక్క. ప్రభుత్వ నిధుల నిషేధం ఉంటే యూనివర్సల్ క్రెడిట్, పిప్ రెండూ అడగకూడదు. న్యూ స్టైల్ ఈఎస్ఏ చందాల మీద వచ్చేది కాబట్టి ఆ నిషేధంలోకి రాదు. విద్యార్థి వీసా ఉంటే స్వయం ఉపాధే కుదరదు, ఒక్క బొమ్మ అమ్మినా ఇబ్బందే. మీ వీసా పత్రంలో పని షరతులు చదివి, అనుమానం ఉంటే మొదటి ఇన్వాయిస్ రాయకముందే ఇమిగ్రేషన్ సలహాదారును అడగండి. భత్యాల లెక్కకు సిటిజన్స్ అడ్వైస్‌వాళ్లు రుసుం తీసుకోరు. వెళ్లేటప్పుడు భత్యం మంజూరు ఉత్తరం, మీ గంటల పట్టిక, గడిచిన మూడు నెలల ఇన్వాయిస్‌లు వెంట తీసుకెళ్లండి.