ఈసీజీ రిథమ్ సిమ్యులేటర్ రివ్యూ: వణుకు బటన్ కోసమే కొనొచ్చు

అందరికీ నమస్తే, కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ చిన్న పెట్టె ఈసీజీ రిథమ్ సిమ్యులేటర్, అంటే పేషెంట్ లేకుండానే రకరకాల గుండె గీతలను మానిటర్ మీద చూపించేది. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపించారు, డబ్బులేమీ ఇవ్వలేదు. రిథమ్‌లు ఎన్ని, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. అనస్థీషియా నేర్చుకునే నర్సింగ్ పిల్లలకు ఇది పనికొస్తుందా లేదా, నేను అదే చెప్తాను.

ఇదిగో, ఈ బటన్ నొక్కుతున్నాను. మానిటర్ చూడండి. చక్కగా నడిచే గీత ఒక్కసారిగా చెదిరిపోయింది కదా? వీఎఫ్, అంటే గుండె లయ తప్పి ఊరికే అదురుతూ ఉండే ప్రాణాంతక స్థితి, అనుకున్నారా? కాదు, ఇది ఒంటి వణుకు. దగ్గరగా చూడండి, ఆ గజిబిజి మధ్యలోంచి సన్నటి మొనలు సమాన దూరంలో పైకి లేస్తున్నాయి. అవే క్యూఆర్ఎస్‌లు, అంటే గుండె కింది గదులు కొట్టుకునేటప్పుడు వచ్చే మొనలు.

నా మొదటి సిజేరియన్ పోస్టింగ్‌లో అచ్చం ఇదే గీత చూశాను. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చాక ఆ తల్లికి వణుకు పట్టుకుంది, మానిటర్ అలారం మోగింది. నేను "సార్, వీఎఫ్!" అని అరిచేశాను. సార్ ఒక చేత్తో ఆమె నాడి పట్టుకుని, ఇంకో చేత్తో ఈసీజీ కింద ఉన్న ప్లెత్ గీత (వేలికి పెట్టే ప్రోబ్ చూపించే నాడి అల) చూపించారు. అలలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆమె నన్ను "బిడ్డ ఏడ్చిందా సిస్టర్?" అని అడుగుతోంది. వీఎఫ్‌లో గుండె రక్తాన్ని తోయలేదు. నాడి అందదు, మనిషి మాట్లాడలేదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంతకుముందు మొబైల్ యాప్‌తో పాఠం చెప్పేదాన్ని. అందులో ప్రతి గీతా అద్దంలా ఉంటుంది. థియేటర్‌లో అలా ఎక్కడ ఉంటుంది? డయాథర్మీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) పెట్టగానే గీత చెదురుతుంది. మన ఎండల్లో చెమట తుడవకుండా ఎలక్ట్రోడ్ అంటిస్తే ఊడి వస్తుంది.

నాకు కోపం తెప్పించింది మాత్రం వైర్లు తగిలించే చోట వేసిన రంగులు. ఈ పెట్టె మీద అమెరికా పద్ధతి వేశారు, తెలుపు కుడి చెయ్యి, ఎరుపు ఎడమ కాలు. మా మానిటర్ కేబుల్‌లో ఎరుపు కుడి చేతిది, పసుపు ఎడమ చేతిది, ఆకుపచ్చ ఎడమ కాలిది. రంగు చూసి తగిలిస్తే లీడ్ టూ (కుడి చెయ్యికీ ఎడమ కాలికీ మధ్య తీసే గీత) మొత్తం తప్పుతుంది. పీ వేవ్ (గుండె పై గదుల నుంచి వచ్చే చిన్న అల) చూడ్డానికి మనం ఎక్కువగా నమ్ముకునేది ఆ లీడ్‌నే! ఇక్కడికి పంపించే పెట్టెకు ఇంత పని చేయలేరా? పక్కనున్న అక్షరాలు చూసే తగిలించండి.

పల్స్ అల ఇందులో రాదు. దానికి నేనొక దారి కనుక్కున్నాను. అదే మానిటర్ ప్రోబ్‌లో మీ వేలు పెట్టండి, తర్వాత వణుకు బటన్ నొక్కండి. పైన గీత చెదిరిపోతుంది, కింద మీ నాడి మామూలుగా కొట్టుకుంటూ ఉంటుంది. ఇప్పుడు వీఎఫ్ పెట్టి వేలు తీసేయండి. రెండింటికీ తేడా పిల్లలకు కళ్లముందే కనబడుతుంది.

పిల్లలు ఎవరికి వారు కొనక్కర్లేదు, క్లాసుకు ఒకటి చాలు. రంగుల మీద కోపం ఉన్నా ఆ వణుకు బటన్ కోసం నేనైతే కొనమనే చెప్తాను. రేపటి బ్యాచ్‌కు మొదటి పాఠం దీంతోనే మొదలుపెడుతున్నాను.