అమరుల పార్థివదేహాలు: పోరుకు ముందే వేసుకోవలసిన ప్రణాళిక

సభలో ఉన్న మాజీ సైనికులకు, అమర జవాన్ల కుటుంబసభ్యులకు, రక్షణ అధ్యయనాల విద్యార్థులకు నమస్కారం.

ఒక సైనిక చర్యకు ప్రణాళిక వేసేటప్పుడు తూటాలు ఎన్ని కావాలి, రేషన్ ఎన్ని రోజులకు సరిపోవాలి, గాయపడినవారిని ఏ దారిన వెనక్కి చేర్చాలి అన్న ప్రశ్నల మీద గంటల తరబడి చర్చ జరుగుతుంది. చనిపోయినవారిని ఎవరు తీసుకురావాలి, ఎక్కడ ఉంచాలి, ఎలా గుర్తించాలి, ఇంటికి ఎలా చేర్చాలి అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతూ తగ్గిపోతుంది. బయలుదేరే ముందు చావు మాట ఎత్తడం అశుభమన్న భావన మన ఇళ్ళలోనే కాదు, బ్యారక్‌లలోనూ ఉంది. ఆ సంకోచం సహజమే. కానీ దాని భారం చివరికి పడేది కొడుకు కోసం, భర్త కోసం ఎదురుచూసే కుటుంబం మీద. అందుకే ఈ ఏర్పాటు పోరాటం మొదలయ్యాక అప్పటికప్పుడు చేసుకునేది కాకూడదని, మందుగుండుతో, వైద్యంతో సమానంగా ముందే రాసిపెట్టుకోవలసిన పని అని చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

ఇది కేవలం దయతో చేసే పని కూడా కాదు. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 15, 16, 17 అధికరణాల్లో దీన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చెప్పింది. మృతుల కోసం వెతకాలి, వారి ఒంటి మీది వస్తువులు దోపిడీకి గురికాకుండా చూడాలి, దహనానికో ఖననానికో ముందు దేహాన్ని జాగ్రత్తగా పరీక్షించాలి, వీలైనంతవరకు ఒక్కొక్కరికి విడిగా, వారి మతాచారం ప్రకారం అంత్యక్రియలు జరపాలి, సమాధుల వివరాలు నమోదు చేసే అధికారిక విభాగం ఒకటి ఉండాలి. ఆ ఒప్పందాలను మన దేశం 1960లో సొంత చట్టంగా చేసుకుంది. అయితే చట్టంలో ఉన్నది మంచుకొండ మీద ఎలా జరుగుతుందో చూస్తేనే ప్రణాళిక అవసరం తెలుస్తుంది.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదం మీద సుమారు 19,600 అడుగుల ఎత్తులో ఉన్న సోనమ్ పోస్టును మంచుచరియ కప్పేసింది. లోపల ఉన్న పది మందిలో దాదాపు అందరూ 19 మద్రాస్ బెటాలియన్ వారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. రాయిలా గట్టిపడిన మంచుగడ్డల కింద, పాతిక ముప్పై అడుగుల లోతున ఉన్న మనుషుల కోసం రాతిని తొలిచే యంత్రాలు, విద్యుత్ రంపాలు, మంచు లోపలికి చూడగల రాడార్లు, శిక్షణ పొందిన కుక్కలు పైకి చేరవలసి వచ్చింది. అంత ఎత్తులో నాలుగు పారల మంచు ఎత్తితే మనిషికి ఊపిరి అందదు కాబట్టి తవ్వేవాళ్ళను తరచూ మారుస్తూ ఉండాలి. ఎవరూ బతికి ఉండరన్న నిర్ణయానికి దాదాపు అందరూ వచ్చిన తర్వాత కూడా తవ్వకం ఆగలేదు. ఫిబ్రవరి 8న లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికారు. మూడు రోజుల తర్వాత ఆయన ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు. మృతదేహాల కోసం తవ్వుతున్నామనుకున్న బృందానికి ఊపిరితో ఉన్న మనిషి దొరికాడన్న సంగతి ప్రణాళిక వేసే ప్రతి అధికారీ గుర్తుంచుకోవాలి. చనిపోయినవారి కోసం గట్టిగా వెతికే సైన్యమే కొన్నిసార్లు బతికినవారిని కాపాడుకోగలుగుతుంది.

ఆ తర్వాతి కథ పత్రికల్లో అంతగా రాలేదు. దేహాలన్నీ దొరికినా, వాతావరణం అనుకూలించక వాటిని కిందికి దించడానికి మరికొన్ని రోజులు పట్టింది. ఆ ఎత్తులో చీతా హెలికాప్టర్ మోయగల బరువు చాలా తక్కువ. ఆకాశం తేటపడిన కొద్ది గంటల్లోనే పై పోస్టులకు కిరోసిన్ వెళ్ళాలి, తిండి వెళ్ళాలి, జబ్బుపడినవాడు కిందికి రావాలి, అమరుడి దేహమూ రావాలి. ఈ నాలుగింటిలో ముందు ఏది అన్న నిర్ణయాన్ని ఆ ఉదయం ఒక యువ అధికారి ఒంటరిగా తీసుకోవలసిన పరిస్థితి రాకూడదు. బతికినవారి అవసరమే ముందు. దాని తర్వాత దేహాలకు ఎన్ని ప్రయాణాలు కేటాయించాలి, అంతవరకు వాటిని ఎక్కడ భద్రపరచాలి అన్నది ముందుగానే రాసి ఉండాలి.

ఇటువంటి వ్యవస్థ లేని రోజులు ఎలా ఉండేవో చెప్పడానికి లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ చాలు. చైనాతో యుద్ధంలో 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావూన్ బెటాలియన్‌కు చెందిన చార్లీ కంపెనీ, సుమారు 120 మంది, ఆ కనుమను కాపాడుతూ దాదాపు పూర్తిగా నేలకొరిగింది. వారి దేహాలు 1963 ఫిబ్రవరి వరకు అక్కడే ఉండిపోయాయి. ఒక గొర్రెల కాపరి చూసి చెప్పాక వెళ్ళిన బృందానికి కందకాల్లో ఆయుధాలు పట్టుకున్న భంగిమలోనే గడ్డకట్టిన జవాన్లు కనిపించారు. వైద్య సహాయకుడి చేతిలో సిరంజి అలాగే ఉంది. ఆ మూడు నెలలూ వారి ఇళ్ళల్లో ఏం గడిచిందో ఊహించండి. వారు ఎలా పోరాడారో దేశానికి తిరుగులేని సాక్ష్యం చూపింది ఆ దేహాలే. పడిన చోటు, పడిన తీరు జాగ్రత్తగా నమోదు చేయడం అంత్యక్రియల కోసమే కాదు, చరిత్ర కోసం కూడా.

అప్పట్లోనూ, ఆ తర్వాతి 1965, 1971 యుద్ధాల్లోనూ సాధారణంగా యుద్ధభూమికి దగ్గరలోనే అంత్యక్రియలు జరిపేవారు; ఇంటికి వచ్చేది చితాభస్మం, కొన్ని వస్తువులు, ఒక ఉత్తరం. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ పద్ధతి మారింది. 527 మంది అమరులైన ఆ పోరులో త్రివర్ణ పతాకం కప్పిన శవపేటికలు విమానాల్లో దేశం నలుమూలలకూ వెళ్ళాయి. సరైన నిర్ణయమే అది. అయితే దానితో సరఫరా విభాగం మీద కొత్త బరువు పడింది. కొండ మీది నుంచి రోడ్డు దాకా మోసేవాళ్ళు, శీతల భద్రత, పేటికలు, విమానాలు, వెంట వచ్చే ఎస్కార్టు, ఊరి దగ్గర గౌరవ వందనం చేసే దళం, ఇవన్నీ సమకూరితేనే ఆ నిర్ణయం అమలవుతుంది. అమెరికా సైన్యం యుద్ధం సాగుతుండగానే దేహాలను స్వదేశానికి చేర్చడం కొరియా యుద్ధకాలంలో మొదలుపెట్టి, తర్వాత దాన్నొక ప్రత్యేక వృత్తిగానే తీర్చిదిద్దింది. అక్కడ సరఫరా పనులు చూసే క్వార్టర్‌మాస్టర్ విభాగంలో ఈ పనికే శిక్షణ పొందిన సైనిక కంపెనీలు ఉన్నాయి. మన దగ్గర ఈ బాధ్యత ప్రధానంగా అమరుడి సొంత యూనిట్ మీద పడుతుంది. తోటివాడిని తన చేతులతో తీసుకురావాలన్న పట్టుదల యూనిట్‌కు ఉండడం గొప్ప విషయం. ఆ పట్టుదలకు శిక్షణ తోడు కావాలన్నది నా అభిప్రాయం. నిన్న తనతో పాటు భోజనం చేసినవాడి జేబులు వెతికి జాబితా రాయమని ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి నిలబెట్టడం న్యాయం కాదు.

ఇక ప్రణాళిక విషయానికి వస్తాను. ప్రతి సైనిక చర్యకూ ఎంతమంది గాయపడవచ్చు, ఎంతమంది చనిపోవచ్చు అన్న అంచనా ఎలాగూ వేస్తారు. ఆసుపత్రి పడకలు, అదనపు బలగాలు ఆ లెక్క మీదే సిద్ధమవుతాయి. అదే లెక్కతో దేహాలను చుట్టే సంచులు, పేటికలు, శీతల వాహనాలు కూడా సిద్ధం కావాలి. దేహాలను చేర్చే స్థలం వైద్య శిబిరానికి దగ్గరలోనే ఉన్నా దానికి వేరుగా ఉండాలి. ముందుకు కదిలే దళాల కంట పడకూడదు. దేహాన్ని కదిపే ముందు ఇంజనీర్లు చూడాలి, ఎందుకంటే శత్రువు దాని కింద పేలుడు పదార్థం అమర్చి ఉండవచ్చు, జవాను ఒంటి మీదే పిన్ను సడలిన గ్రెనేడ్ ఉండవచ్చు. చనిపోయినవారిని తెచ్చే తొందరలో మరొకరిని పోగొట్టుకోకూడదు. మరో భయం గురించీ చెప్పాలి. శవాల వల్ల అంటువ్యాధులు ప్రబలుతాయని కంగారుపడి సామూహికంగా పూడ్చివేయడం చాలా చోట్ల జరిగింది. గాయాలతో చనిపోయినవారి దేహాల నుంచి అటువంటి ముప్పు సాధారణంగా ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ ఎంతోకాలంగా చెబుతున్నాయి.

దేహం దొరికిన చోటే మ్యాప్ కొలతలు, తేదీ, సమయం, దొరికిన స్థితి, చూసినవారి పేర్లు రాసుకోవాలి. చీటీ ఒకటి దేహానికి, మరొకటి సంచికి కట్టాలి. జేబుల్లోని వస్తువులను అక్కడికక్కడే తీయకుండా దేహంతోనే పంపి, వెనుక ఉన్న కేంద్రంలో ఇద్దరి సమక్షంలో జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. చేతి గడియారం, తాయెత్తు, మడిచిన ఉత్తరం, సగం వాడిన నోట్‌బుక్ ఇంట్లోవాళ్ళకు వెల కట్టలేనివి. ఇప్పుడు వాటితో పాటు మొబైల్ ఫోన్ కూడా ఉంటుంది. అందులో బయటికి పోకూడని సమాచారం ఉండవచ్చు. కూతురితో దిగిన చివరి ఫోటో కూడా ఉండవచ్చు. భద్రత పేరుతో మొత్తం చెరిపేసి ఖాళీ ఫోన్ ఇంటికి పంపడం తేలిక. ఓపికగా వేరుచేసి కుటుంబానికి చెందినది కుటుంబానికి ఇవ్వడం కష్టమైన పని. ఆ కష్టం మనం పడాలి.

గుర్తింపు విషయంలో తప్పు జరగకూడదు. సియాచిన్‌లో 1984 మేలో మంచుచరియ కింద తప్పిపోయిన 19 కుమావూన్ లాన్స్ నాయక్ ఒకరి అవశేషాలు 38 ఏళ్ళ తర్వాత 2022 ఆగస్టులో దొరికినప్పుడు, ఆర్మీ నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్ళే ఆయన ఎవరో చెప్పింది. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ వెళుతూ 102 మందితో అదృశ్యమైన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-12 జాడ 2003లో హిమాచల్ కొండల్లో దొరికింది. 2024లో డోగ్రా స్కౌట్స్ బృందం అక్కడి నుంచి మరో నాలుగు దేహాలను తెచ్చింది. 56 ఏళ్ళు గడిచినా జేబుల్లోని కాగితాలు కొందరి పేర్లు చెప్పాయి. ప్రతిసారీ అటువంటి ఆధారం మిగలదు. 2021 డిసెంబరు 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలినప్పుడు, అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ సహా పలువురిని గుర్తించడానికి డీఎన్ఏ పరీక్ష అవసరమైంది. ఆ కొద్ది రోజుల ఎదురుచూపు కుటుంబానికి ఎంత నరకమో మాటల్లో చెప్పలేం. అయినా ఆ జాగ్రత్త తప్పదు. ఒకరి బిడ్డను మరొకరి ఇంటికి పంపితే ఆ గాయానికి మందు లేదు. చేరిన రోజే ప్రతి జవాను డీఎన్ఏ నమూనా, దంతాల వివరాలు భద్రపరిస్తే ఈ ఎదురుచూపు చాలావరకు తగ్గుతుంది.

శత్రువు దేహం పట్ల మన ప్రవర్తన కూడా ఈ ప్రణాళికలో భాగమే. కార్గిల్‌లో పాకిస్థాన్ తన సైనికులను తనవారని ఒప్పుకోనప్పుడు, మన జవాన్లు ఆ దేహాలను ఇస్లాం ఆచారం ప్రకారం ఖననం చేశారు. టైగర్ హిల్ దగ్గర వీరోచితంగా పోరాడి చనిపోయిన పాకిస్థాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది ఆయన పేరులో భాగమే, హోదా కాదు) దేహాన్ని అప్పగిస్తూ బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా ఆయన ధైర్యాన్ని మెచ్చుకునే చీటీ ఒకటి జేబులో పెట్టి పంపారు. తర్వాత ఆయనకు పాకిస్థాన్ అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్-ఎ-హైదర్ దక్కింది. ఆ యుద్ధంలోనే కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయన సహచరులు ఐదుగురి దేహాలు మనకు ఏ స్థితిలో చేరాయో తెలిసి కూడా మన సైన్యం ఈ మర్యాద తప్పలేదు. అందుకు నేను గర్విస్తాను.

పేరు నమోదు కాకపోతే ఏమవుతుందో పాత యుద్ధాలే చెబుతున్నాయి. కోహిమాలో 1944లో మరణించిన హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లు అక్కడి దహన స్మారకం మీద చదవగలం. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన, ప్రధానంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టుకు, కొంతమేర ఇతర ప్రాంతాలకూ చెందిన సైనికులు, కూలీలు కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం దక్కలేదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వారిలో మన పల్లెల నుంచి వెళ్ళినవారు ఎందరో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

చివరి ఘట్టం మన జిల్లాల్లో జరుగుతుంది. గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు భౌతికకాయం హకీంపేట వైమానిక స్థావరం మీదుగా సూర్యాపేట చేరింది. రాయలసీమ జవాన్లు తరచూ బెంగళూరు మీదుగా వస్తారు. 2025 మేలో అమరుడైన మురళీ నాయక్ పార్థివదేహం గోరంట్ల మండలం కల్లి తండాకు ఆ దారినే చేరింది. అంటే రెండు రాష్ట్రాల పోలీసులు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి, తహసీల్దారు ఒకరి ఫోన్ నంబరు ఒకరికి ముందే తెలిసి ఉండాలి. టీవీలో రాకముందే యూనిఫాంలో ఉన్న మనిషి ఆ గడప తొక్కాలి. ఇంటి పెద్ద ఎవరు, అంత్యక్రియలు ఏ ఆచారం ప్రకారం, ఎక్కడ అన్నది కుటుంబాన్నే అడగాలి. పేటిక మూత తెరవమని తల్లి అడిగితే ఏం చెప్పాలో ఎస్కార్టుగా వచ్చిన జేసీవోకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్‌కు) తెలియాలి. దేహం స్థితి ఏమిటో ఆయనకు నిజం చెప్పి పంపాలి. ఆయన ఆ తల్లికి అబద్ధం చెప్పకూడదు, నిజాన్ని మెత్తగా చెప్పగలగాలి. ఇది కూడా నేర్పవలసిన విద్యే.

సైన్యంలో కొన్ని డివిజన్లు కలిసిన ప్రతి కోర్‌కు ఈ పనిలో శిక్షణ పొందిన ఒక చిన్న బృందం ఉండాలని నేను కోరుతున్నాను. యుద్ధం లేని రోజుల్లో ఆ బృందానికి పని లేకుండా పోదు. మంచుచరియలు, వరదలు, విమాన ప్రమాదాలు మన దేశంలో ఏటా ఉన్నవే. అటువంటి పనిలో ఉన్నవారిని వరుసగా రోజుల తరబడి వాడకూడదు, పని ముగిసిన వెంటనే మళ్ళీ కాపలా డ్యూటీకి తరమకూడదు. వారికి విశ్రాంతి, మనసు విప్పి మాట్లాడడానికి ఒక వైద్యుడు, కొద్ది రోజులు ఇంటికి వెళ్ళే సెలవు ఉండాలి. ఆ సెలవు ఎవరో దయతలచి ఇచ్చేదిగా కాక, అడగకుండానే మంజూరయ్యేదిగా ఉండాలి.