కోడి ఉన్నట్టుండి జబ్బు పడితే ఇంట్లో ఏది పనికొస్తుంది? నేను వాడినవాటికి నా మార్కులు

నమస్తే అండీ. ఈ రోజు రివ్యూలో మిక్సీ లేదు, ఫోనూ లేదు. ఈ బల్ల మీద ఏమున్నాయో చూడండి. ఒక వెదురు గంప, పాతకాలం 60 వాట్ల బల్బు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, సూది తీసేసిన సిరంజి, డిజిటల్ థర్మామీటర్, పిల్లల స్నానం టబ్బు, పసుపు డబ్బా. చివర్న ఉన్న ఈ తెల్ల పొడి కొట్టువాళ్లు అంటగట్టిన యాంటీబయాటిక్. మొన్న శ్రావణంలో మా పెట్ట ఉన్నట్టుండి నీరసపడిపోతే టెన్షన్‌లో ఇవన్నీ ఇంట్లోకి చేరాయి. ఏది డబ్బుకు తగ్గది, ఏది దండగ, ఈ వీడియోలో ఉన్నదున్నట్టు చెప్తాను.

మాకు పెరట్లో 11 కోళ్లు ఉన్నాయి. వాటిలో నాలుగు గ్రామప్రియలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం అది. నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే ఎక్కువ. ఇది మేత బాగుంటే 200 దాకా పెడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ రోజు పొద్దున ఆరింటికి గూటి తలుపు తీశాను. అన్నీ తోసుకుంటూ బయటికొచ్చాయి. గ్రామప్రియల్లో ఒకటైన చుక్కల పెట్ట రాలేదు. మూలకి చేరి, ఈకలు పొంగించుకుని, రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని నిలబడింది. నూకలు చల్లితే కన్నయినా తెరవలేదు. మా అత్తయ్యగారు వచ్చి చూసి ఒకే మాట అన్నారు. "కొక్కెర తగిలినట్టుందమ్మా. చచ్చేలోపు కోసేయండి, కూరకన్నా వస్తుంది."

కొక్కెర అంటే కోళ్లకొచ్చే రాణీఖెత్ జబ్బు. కోసేయమనే మాట మన ఇళ్లలో మామూలే. పెద్దవాళ్లను తప్పుపట్టను, వాళ్ల రోజుల్లో కోడి పోతే అది నష్టమే. కానీ జబ్బు కోడిని కోసుకు తినొద్దండీ. ఏ జబ్బో తెలియదు, లోపల ఏ మందుందో తెలియదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గోదావరి జిల్లాల వాళ్లకు ఇంకా గుర్తుంది. జబ్బు కోడిని కోసి, ఈకలు పీకి, శుభ్రం చేసే చేతులకే ముందు ప్రమాదం. మా ఇంట్లో ఆ పని చేసేది నేనే కాబట్టి ఆ మాట అక్కడే ఆపేశాను.

ముందు గంప సంగతి. పదికి పది. అట్టపెట్టె అయినా ఫరవాలేదు. జబ్బు చేసిన దాన్ని గంటలో వేరు చేయాలి. అంటువ్యాధి అయితే మిగతావి బతుకుతాయన్నది ఒక కారణం. ఇంకోటి ఉంది. నీరసంగా ఉన్న దాన్ని తోటి కోళ్లే పొడుస్తాయి. అందుకే కోడి జబ్బును వీలైనంత దాస్తుంది, గుంపులో అన్నిటితో పాటు తిన్నట్టే నటిస్తుంది. మనం "రాత్రి బాగానే ఉందండీ" అంటాం. రాత్రికి అది నాలుగు రోజుల జబ్బుతో ఉండి ఉంటుంది.

దీన్ని కనిపెట్టడానికి ఒక చిట్కా ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. కోడిని పట్టుకుని రొమ్ము మధ్యలో ఎముకను తడమండి. రెండు పక్కలా కండ నిండుగా ఉంటే జబ్బు కొత్తది. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే అది ఎన్నాళ్లుగానో చిక్కిపోతోంది, మనమే చూడలేదు. మా చుక్కల పెట్టకు కండ నిండుగానే ఉంది. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తర్వాత రెట్ట చూశాను. గంపలో పాత తెల్ల గుడ్డ పరిస్తే రంగు బాగా తెలుస్తుంది. రక్తం కనిపిస్తే కాక్సీడియా అనే పేగుల జబ్బు అయ్యుండొచ్చు, కోడిపిల్లల్లో ఎక్కువ, వానాకాలం తడి నేల మీద మరీను. ఆకుపచ్చగా నీళ్లలా పోతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, మెడ తిప్పేస్తూ ఉంటే కొక్కెర అనుకోవాలి. ఒట్టి ఆకుపచ్చ రంగు చూసి మాత్రం గుండెలు బాదుకోకండి, రోజంతా తినని కోడికి కూడా రెట్ట పచ్చగానే వస్తుంది. మా పెట్టకు అసలు రెట్టే రాలేదు. గంటసేపు చూశాం. తోక కిందికీ పైకీ ఆడిస్తూ ముక్కుతోంది. పెంగ్విన్‌లా నిటారుగా నిలబడుతోంది.

థర్మామీటర్ ఈలోపు మా ఆయన తెచ్చారు. పెట్టి చూస్తే 106. ఆయన కంగారుపడి "నూటారు!" అని అరిచారు. కోడి ఒంటి వేడి మామూలుగానే 105, 107 మధ్య ఉంటుందండీ. ఈ సంగతి ముందే తెలియకపోతే థర్మామీటర్ మీకు బీపీ తెప్పించడం తప్ప ఏం చేయదు. రెండు మార్కులు. ఆ రెండూ కూడా మా పాపకి జ్వరం వచ్చినప్పుడు వాడతాం కాబట్టి. కోడికి పెట్టింది విడిగా ఉంచిన పాత థర్మామీటర్ లెండి, కామెంట్లలో తిట్టకండి.

సిరంజి, ఓఆర్‌ఎస్. ఈ రెండూ కలిపి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, సరిగా వాడకపోతే ఈ సిరంజితోనే కోడిని చంపేస్తాం. ముక్కు తెరిచి చూడండి, నాలుక వెనకాల చిన్న చీలిక కనిపిస్తుంది. అది గాలి గొట్టం. ధారగా పోస్తే నీళ్లు అందులోకి పోతాయి. కాబట్టి ముక్కు పక్కన అంచు మీద ఒక్క చుక్క వేయాలి. అది ముక్కు తెరిచి మూసి మింగుతుంది. మింగాక ఇంకో చుక్క. పావుగంట పడుతుంది, ఓపిక ఉండాలి. తల వేలాడేసి, తెలివి లేకుండా ఉన్న కోడికి నోట్లో ఏమీ వేయకండి. మన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే లీటరు నీళ్లలో కలిపితే సరిపోతుంది. అది లేకపోతే లీటరుకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఏ రోజు నీళ్లు ఆ రోజే పారబోయాలి.

బల్బు. వానాకాలం, చలికాలం అయితే తొమ్మిది, ఎండాకాలంలో సున్నా. జబ్బు కోడి ఒళ్లు వెచ్చగా ఉంచుకోలేదు, ఉన్న బలమంతా దానికే పోతుంది. గంపకు ఒక వైపే అడుగున్నర దూరంలో బల్బు పెట్టండి, రెండో వైపు చల్లగా వదిలేయండి. వేడెక్కువైతే కోడి తనే చల్లని వైపుకు జరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు పెట్టి వేడి రాలేదనకండి, అది వెలుగే ఇస్తుంది. మే నెలలో కోడి నోరు తెరిచి రొప్పుతూ పడిపోతే మాత్రం అది వడదెబ్బ. అప్పుడు నీడ, గాలి, కాళ్లు తడపడం, చల్లని నీళ్లు. ఐస్ నీళ్లలో ముంచకండి.

ఇక ఈ తెల్ల పొడి. కొట్లో "కోడి నీరసంగా ఉంది" అన్నానో లేదో, ఏం తిన్నది, ఎన్ని కోళ్లు, వయసెంత, ఒక్క ప్రశ్న లేకుండా ప్యాకెట్ చేతిలో పెట్టారు. కంగారులో ఒక పూట నీళ్లలో కలిపాను కూడా. సున్నా మార్కులు. కొక్కెర వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. గుడ్డు ఇరుక్కుంటే అసలే పనిచేయదు. పైగా ఆ మందు గుడ్ల ద్వారా మన పిల్లల కడుపులోకి వెళ్తుంది. మనుషులకు ప్రమాదం ఉందనే కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను తిండి కోసం పెంచే జంతువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. డాక్టరు చూసి రాస్తే సరే, కొట్టువాళ్ల సలహా మీద వద్దు.

పసుపు, వెల్లుల్లి? కోళ్లకొచ్చే మశూచి పొక్కుల మీద పసుపు, వేపాకు నూరి రాస్తారు మా వైపు, దాంతో నష్టమేమీ లేదు. కడుపులోకి మందులా మాత్రం నమ్ముకోకండి. మూడు మార్కులు, పెద్దవాళ్ల మీద గౌరవంతో.

ఇప్పుడు టబ్బు. నా కోడిని బతికించింది ఇదే. గ్లౌజు వేసుకుని, వేలికి కొబ్బరినూనె రాసి, గుడ్డు వచ్చే దారిలో అంగుళం లోపలికి మెల్లగా చూశాను. గుండ్రంగా తగిలింది. గుడ్డు అడ్డంపడింది. టబ్బులో చేతికి హాయిగా ఉండే వేడితో నీళ్లు పోసి, కోడిని పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. మొదట గింజుకుంది. తర్వాత మా పాప ఒళ్లో పడుకున్నంత నిమ్మళంగా కళ్లు మూసుకుంది. తుడిచి, ఆరబెట్టి, ఆ దారి చుట్టూ నూనె రాసి, బల్బు వెచ్చదనం తగిలేలా చీకటి గదిలో గంపలో పెట్టాం. పొట్ట నొక్కకండి. లోపల గుడ్డు పగిలితే పెంకులు గుచ్చుకుని చీము పడుతుంది.

మధ్యాహ్నం ఇంకోసారి నీళ్లలో కూర్చోబెట్టాను. సాయంత్రం నాలుగున్నరకు గంపలో తోలు గుడ్డు ఉంది, పెంకు సరిగా గట్టిపడనిది. చుక్కల పెట్ట లేచి నిలబడి నీళ్లు తాగుతోంది. రేపటికీ రాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని ఆటో కూడా మాట్లాడుకున్నాం. ఒక రోజు దాటితే ఇంట్లో ఆగడం మంచిది కాదు.

తప్పు నాదే. ఒక్కో గుడ్డు పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం కావాలి. 200 గుడ్లు పెట్టే పెట్టకు నేను ఒట్టి నూకలు వేస్తున్నా. నూకల్లో కాల్షియం లేనట్టే. ఇప్పుడు ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెడుతున్నాను, కావాల్సినంత అవే తింటాయి. గుడ్డు పెంకులు వేయించి, గుర్తుపట్టలేనంత మెత్తగా నలిపి కూడా వేయొచ్చు. ముక్కలుగా వేస్తే సొంత గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి.

అత్తయ్యగారు భయపడ్డ కొక్కెరకు ఇంట్లో చేసే వైద్యం లేదు, టీకా ఒక్కటే. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల్లో కంట్లోనో ముక్కులోనో చుక్క, నాలుగు వారాలకు మళ్లీ చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. చిక్కేమిటంటే ఒక సీసాలో వంద, రెండు వందల కోళ్లకు సరిపోయే మందు ఉంటుంది. ఐస్‌లో తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. అందుకే మా వీధిలో ఎనిమిది ఇళ్లవాళ్లం ఒకే రోజు పెట్టుకుంటాం, ఆ రోజు చిన్న జాతరలా ఉంటుంది. ఒకే రోజు రెండు మూడు కోళ్లు పోతే మాత్రం చేత్తో ముట్టుకోకుండా పశువుల ఆస్పత్రికి చెప్పండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. చచ్చినదాన్ని కాలవలో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

ఇంకొకటి చెప్దామనుకున్నా... అదిగో, వచ్చేసింది. ఇదేనండీ చుక్కల పెట్ట. ఒసేయ్, బల్ల దిగు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పొడవకు, అది పాపది... అయ్యో, చింపేసింది. కెమెరా ఆపండి, కెమెరా ఆపండి.