ప్రతిజ్ఞ అయ్యాక గదిలో ఏం జరుగుతోంది?
(ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

రోజూ పొద్దున పిల్లల చేత ప్రతిజ్ఞ చెప్పిస్తున్నాం. దాన్ని రాసింది మన తెలుగువారే, నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. అక్కణ్నుంచి అది దేశమంతా వెళ్లింది. భారతీయులందరూ నా సహోదరులు అంటుంది. బహువిధమైన నా దేశ వారసత్వం నాకు గర్వకారణం అంటుంది. ఆరేళ్ల పిల్లకు బహువిధం అంటే ఏం తెలుస్తుంది? లోపలికి వెళ్లాక తను చూసిందే తెలుస్తుంది. అందుకే ఈ పూట నీతి పాఠాల జోలికి పోను. హాజరు, కూర్చునే వరసలు, మధ్యాహ్నం అన్నం, ఆటల పీరియడ్, వీటి గురించే మాట్లాడతాను.

ముందు హాజరు. స్కాలర్‌షిప్ వివరాలు కావాలంటే చాలాచోట్ల తరగతిలోనే "ఎస్సీ పిల్లలు లేవండి, ఎస్టీ వాళ్లు లేవండి" అంటాం. పని త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ అప్పటిదాకా పక్కపక్కన కూర్చుని పలక పంచుకున్న పిల్లలకు, ఎవరు ఎవరో మనమే చూపించినట్టయింది. ఆ వివరాలు అడ్మిషన్ రిజిస్టర్లో ఉంటాయి. లేకపోతే తల్లిని పిలిచి విడిగా అడగవచ్చు. అంబేడ్కర్ గారు చిన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితేనే ఆయనకు నీళ్లు. ప్యూన్ రాని రోజు నీళ్లు లేవు. ఆ గోనెపట్టా మన బడుల్లో ఇప్పుడు లేదు. కానీ గది ఊడ్చడానికి, నీళ్లు మోయడానికి, మరుగుదొడ్డి కడగడానికి ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురినే పిలుస్తుంటే పిల్లలు అదీ చదువుకుంటారు. పనులకు వంతుల పట్టిక వేసి గోడకు అతికించండి. అందులో ఊరి పెద్ద కొడుకు పేరు కూడా ఉండాలి. మరుగుదొడ్డి మాత్రం ఏ పిల్లవాడి వంతులోకీ రాకూడదు.

ఇక అన్నం. బడిలో వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. వంట పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో చెప్పింది. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఈ గదిలో అందరికీ తెలుసు. వంట అక్క ఎవరో తెలిసి ఏ ఇంటివాళ్లయినా పిల్లవాడికి విడిగా క్యారేజీ పంపిస్తే, ఆ పిల్లవాణ్ని మందలించొద్దు. వాడిది తప్పు కాదు. హెడ్మాస్టరు గారు రోజూ ఆ బంతిలోనే కూర్చుని, అదే అన్నం తిని, "అక్కా, పప్పు బాగుంది" అని అందరికీ వినబడేలా అంటే చాలు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని అది చేస్తుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. ఉట్నూరు వైపు గోండి, కొలామి, సీతంపేటలో సవర, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు మన దగ్గరికి వస్తారు. మాట్లాడకపోతే మొద్దు అనేస్తాం. ఆ పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసుకున్న అనుభవం మనకు ఉంది. పుస్తకం లేకపోయినా ఫర్వాలేదు. బొమ్మ చూపించి "మీ ఇంట్లో దీన్ని ఏమంటారమ్మా?" అని అడగండి. ఆ మాట బోర్డు మీద రాసి తరగతి అందరి చేతా పలికించండి. ఆ పూట ఆ పిల్లే టీచరు.

నేను చూసిన ఒక ఒకటో తరగతి గురించి కొంచెం వివరంగా చెబుతాను. అందులో చెవులు వినబడని అబ్బాయి ఉన్నాడు. ఎవరైనా పద్యం బాగా చెబితే మిగతావాళ్లు చప్పట్లు కొట్టరు. రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడిస్తారు. టీచరమ్మ నేర్పింది అంతే. కొన్నాళ్లకు పిల్లలు తామే ఇంకోటి కనిపెట్టారు. ఆటలో ఈల బదులు ఎర్ర గుడ్డ ఊపడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి కూడా ఖోఖోలో అందరితో పాటే పరిగెత్తాడు. ఇక్కడ జాలి లేదు, గమనించండి. జాలి పడమని నేర్పిన బడిలో ఇలాంటి పిల్లవాడు గట్టు మీద కూర్చుని చెప్పులకు కాపలా ఉంటాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ పిల్లలు అందరితో కలిసి చదవాలంటోంది, ఆడాలంటోంది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే, అక్కడి టీచర్లను నెలకోసారైనా మీ తరగతికి పిలవండి.

పిల్లలు "నల్లోడు", "కుంటోడు" అనే మాటలు ఇంటి నుంచే తెస్తారు. విన్న వెంటనే అందరి ముందూ అరిస్తే ఆ మాటకు ఇంకా రుచి పుడుతుంది. పక్కకు పిలిచి, "వాడి పేరేంటి? ఆ పేరుతో పిలువు" అనండి. రేపు మళ్లీ అంటాడు. రేపు మళ్లీ అదే చెప్పండి. నెల పట్టవచ్చు.

టీ తర్వాత అందరికీ తెల్లకాగితాలు ఇస్తాం. నిన్న మీ తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గీయండి. మీరు ఎవరిని ప్రశ్న అడిగారో వాళ్ల పేరు పక్కన చుక్క పెట్టండి. చుక్క పడని పేర్లు ఎవరివో చూసుకుని, అక్కడి నుంచి చర్చ మొదలుపెడదాం.