కూర్బే బొమ్మ ముందు ఎక్కడ నిలబడాలి?

శ్రోతలకు నమస్కారం.

పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ కూర్బే వేసిన ‘ఓర్నాన్‌లో అంత్యక్రియలు’ ఉంది. ముందు దూరంగా నిలబడి కొలత చూడండి. ఎత్తు 3 మీటర్ల పైచిలుకు, వెడల్పు దాదాపు 6 మీటర్ల 70 సెంటీమీటర్లు. తవ్విన గొయ్యి, చుట్టూ నలభై మందికి పైగా జనం, అందరూ నిలువెత్తు మనుషులే. ముందువరసలో ఓ తెల్లకుక్క, చావుతో తనకేం పని అన్నట్టు మొహం తిప్పుకొని ఉంటుంది.

1850–51లో పారిస్ ‘సలోన్’ అనే అధికారిక చిత్రకళా ప్రదర్శనలో గొడవ ఇక్కడే మొదలైంది. అప్పటి పద్ధతిలో అంత పెద్ద కాన్వాసు దేవతలకూ రాజులకూ యుద్ధాలకూ వాడేది. పల్లెటూరి చావుకు చిన్న ఫ్రేము చాలు అనుకునేవారు. కూర్బే తన సొంతూరు ఓర్నాన్ వాళ్లనే పిలిచి నిలబెట్టి, వాళ్లకు రాజుల కొలత ఇచ్చాడు. గీసిన గది ఇరుకు, వెనక్కి జరిగి చూసుకునే చోటే లేదు. మనుషులు అలా ఒకే వరసలో బారుతీరడం అందుకేనేమో!

ఇప్పుడు ఆయన సముద్రపు అలల చిత్రాలకు దగ్గరగా రండి. వాటిలో కుంచె ఒక్కటే కాదు, రంగులు కలుపుకునే పాలెట్ నైఫ్ కూడా పనిచేసింది. మేస్త్రీ తాపీతో సున్నం పూసినట్టు రంగును లాగాడు. కత్తి ఆగినచోట రంగు గట్టు కడుతుంది, లాగినచోట పలచబడి కింది పొర బయటపడుతుంది. ఎదురుగా నిలబడితే ఇది సరిగా తెలియదు. రెండడుగులు పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేచోటు నుంచి చూడాలి.

ఒక చిక్కు ఉంది. కూర్బే చాలాసార్లు ముదురు గోధుమరంగు పూత మీద మొదలుపెట్టి, చీకటిలోంచి వెలుగు వైపు వచ్చేవాడు. నూనె రంగు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది. అడుగు పూత పైకి తేలి నీడలన్నీ ఒకటే నలుపైపోతాయి. నల్లకోట్ల మడతలు కనపడకపోతే తప్పు మీ కళ్లది కాదు.

1855లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు, చిత్రాలు ఎంపిక చేసే జ్యూరీ ఆయన చిత్రాల్లో పదకొండు తీసుకుని, ఈ అంత్యక్రియలనూ, కొత్తగా వేసిన ‘చిత్రకారుడి స్టూడియో’నూ తిప్పికొట్టింది. ఆయన ఆ పక్కనే సొంతంగా ఓ మంటపం కట్టించి, ‘రియలిజం’, అంటే వాస్తవికత, అని పేరుపెట్టి, నలభై చిత్రాలు వేలాడదీశాడు. టికెట్ ఒక ఫ్రాంకు. జనం పలచగా వచ్చారు, ధర సగానికి దిగింది. అంతకు రెండేళ్ల ముందు కూర్బే వేసిన మరో బొమ్మను మోటుగా ఉందని ఈసడించిన పేరున్న చిత్రకారుడు దెలక్రోయా ఆగస్టులో అక్కడికి వెళ్లాడు. దాదాపు గంటసేపు అక్కడే ఉన్నాడు, ఒంటరిగా.